పెట్ షాపులో కొన్న పాము ఏ జాతిదో తెలియదా? బాన్సువాడలో ఉన్నవారు ముందుగా ఏం చేయాలి?

కుక్కపిల్లలు, లవ్ బర్డ్స్, అక్వేరియం చేపలు. పెట్ షాపు అనగానే మనకు గుర్తొచ్చేవి ఇవే. కానీ ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ వీడియోలు చూసి పాములు కొంటున్నవారు కూడా ఇప్పుడు ఉన్నారు. హైదరాబాద్‌లో చదువుకుంటున్న కుర్రాడు సెలవులకు ఇంటికి వస్తూ ఓ ప్లాస్టిక్ డబ్బాలో పామును వెంట తెచ్చాడనుకోండి. 'విషం లేదని షాపతను చెప్పాడు' అంటాడు. పేరు అడిగితే తెలియదు. బిల్లు లేదు. కాగితాలు అసలే లేవు.

ఇలాంటి పాము మీ ఇంట్లోకి వస్తే మూడు ప్రశ్నలకు వెంటనే జవాబు కావాలి. దీనివల్ల ఇంట్లోవాళ్లకు ప్రమాదం ఉందా? దీన్ని ఉంచుకోవడం చట్టానికి విరుద్ధమా? జవాబులు దొరికేలోపు ఆ ప్రాణిని బతికించేదెలా? నగరంలోకంటే బాన్సువాడలో మొదటి ప్రశ్నకు బరువెక్కువ. నిజాంసాగర్ ఆయకట్టు కింద చుట్టూ వరి పొలాలే. ధాన్యం ఉన్నచోట ఎలుకలు, ఎలుకలున్నచోట పాములు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఇక్కడివారికి కొత్త కాదు. అందుకే డబ్బాలో ఉన్నది నిజంగా షాపు పామేనా, లేక పొలం గట్టున పట్టి అమ్మిన పామా అన్నది ముందు తేలాలి.

మొదటి గంటలో చేయాల్సినవి

1. పామును చేత్తో పట్టుకోకండి. ఇప్పటివరకు ఎవరైనా చేతిలోకి తీసుకుని ఆడించి ఉన్నా సరే, ఇక ఆపండి. కాటు వేయనంత మాత్రాన విషం లేదని కాదు.

2. మూతకు క్లిప్పులున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో ఉంచండి. గాలి కోసం చిన్న రంధ్రాలు ఉంటే చాలు. సన్నని పాము వేలు పట్టేంత సందులోంచి కూడా జారిపోతుంది. మూతపై బరువు పెట్టండి. పామును వేరే డబ్బాలోకి మార్చాల్సి వస్తే ఆ పని మీరు చేయకండి. ఉన్న డబ్బానే పెద్ద డబ్బాలో పెట్టి మూసేయండి.

3. పిల్లలు, పెంపుడు జంతువులు వెళ్లని గదిలో, నేరుగా ఎండ పడని చోట డబ్బా పెట్టి గదికి తాళం వేయండి.

4. ఏమీ తినిపించకండి. పాలు అసలే పోయకండి. పాము మాంసాహారి, పాలు దానికి అరగవు. ఆరోగ్యంగా ఉన్న పాము వారం రోజులు తినకపోయినా ఏమీ కాదు.

5. కొన్న వ్యక్తిని అడిగి షాపు పేరు, తేదీ, చెల్లించిన మొత్తం, యూపీఐ రసీదు, వాట్సాప్ చాట్ అన్నీ భద్రపరచండి. తర్వాత అధికారులు అడిగేది ఇవే.

గుర్తించడానికి ఫొటో ఎలా తీయాలి?

పామును గుర్తించాల్సింది మీరు కాదు, తెలిసినవారు. వారికి పనికొచ్చే ఫొటో తీయడమే మీ పని. డబ్బా మూత తెరవకుండా, పక్కల నుంచి తీయండి. మొత్తం శరీరం కనిపించేలా ఒకటి, తల పైనుంచి ఒకటి, తల పక్కనుంచి ఒకటి, తోక ఒకటి తీస్తే చాలు. డబ్బా పక్కన ఒక పెన్ను పెడితే పొడవు అంచనా వేయొచ్చు. ఫ్లాష్ వాడితే ప్లాస్టిక్ మీద మెరుపు పడి గీతలు కనిపించవు. పగటి వెలుతురులో తీయండి.

గూగుల్ లెన్స్ లాంటి యాప్‌లు చెప్పే పేరును నమ్మి మాత్రం పాము మీద చెయ్యి వేయకండి. యాప్ పొరబడితే నష్టపోయేది మీరే.

షాపుల్లో ఎక్కువగా అమ్మే విదేశీ పాములు

బాల్ పైథాన్: పశ్చిమ, మధ్య ఆఫ్రికా దేశాలది. పొట్టిగా, లావుగా ఉంటుంది. పెద్దయ్యాక సాధారణంగా 3 నుంచి 5 అడుగులు. ముదురు గోధుమ రంగు మీద లేత గోధుమ మచ్చలుంటాయి. పై పెదవి వెంట చిన్న గుంటలు వరుసగా కనిపిస్తాయి. వేడిని పసిగట్టేది వాటితోనే. భయపడితే తలను మధ్యలో దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది. ఆ పేరు వచ్చింది అందుకే. విషం లేదు.

కార్న్ స్నేక్: అమెరికా ఆగ్నేయ ప్రాంతానిది. సన్నగా ఉంటుంది. నారింజ రంగు శరీరం మీద నల్లటి అంచులున్న ఎర్ర మచ్చలుంటాయి. పొట్ట కింద నలుపు, తెలుపు గళ్లు ఉంటాయి. విషం లేదు.

కింగ్ స్నేక్, మిల్క్ స్నేక్: అమెరికా ఖండాలవే. ఒళ్లంతా పట్టీలుంటాయి. కాలిఫోర్నియా కింగ్ స్నేక్ నలుపు, తెలుపు పట్టీలతో ఉంటే, మిల్క్ స్నేక్ ఎరుపు, నలుపు, తెలుపు లేదా పసుపు పట్టీలతో ఉంటుంది. పేరులో 'కింగ్' ఉన్నా మన రాచనాగుతో దీనికి సంబంధం లేదు.

బోవా కన్‌స్ట్రిక్టర్: మధ్య, దక్షిణ అమెరికాది. పిల్లగా ఉన్నప్పుడు ముద్దుగా కనిపించినా 6 నుంచి 8 అడుగులు, కొన్నిసార్లు అంతకంటే ఎక్కువ పెరుగుతుంది.

వీటిలో చాలావాటిని రకరకాల రంగుల్లో పుట్టించి అమ్ముతారు. తెల్ల బాల్ పైథాన్ ఉంది, పసుపు కార్న్ స్నేక్ ఉంది. తెల్ల నాగుపాము కూడా ప్రకృతిలో అరుదుగా పుడుతుంది. కాబట్టి రంగు ఒక్కటే చూసి 'ఇది షాపు పాము' అనుకోవద్దు.

పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. విదేశీ పాముల్లో కొన్ని మన విషసర్పాలను పోలి ఉంటాయి.

నలుపు, తెలుపు పట్టీల పాము: షాపతను 'కింగ్ స్నేక్' అన్నది కట్లపాము కావచ్చు. కట్లపాముకు నల్లటి మెరిసే శరీరం మీద సన్నని తెల్ల గీతలు, చాలావరకు జంటలుగా, ఉంటాయి. మెడ దగ్గర అవి మసకగా ఉండి తోకవైపు స్పష్టమవుతాయి. కింగ్ స్నేక్ పట్టీలు వెడల్పుగా, తల దగ్గర నుంచే మొదలవుతాయి. ఇళ్లలోకి వచ్చే విషం లేని వుల్ఫ్ స్నేక్‌కు ముందుభాగంలో పట్టీలు స్పష్టంగా ఉండి తోకవైపు మాయమవుతాయి. చదవడానికి ఈ తేడాలు తేలిగ్గానే ఉంటాయి. డబ్బాలో కదులుతున్న పిల్ల పాము మీద చూసి తేల్చడం తేలిక కాదు.

లావుగా, మచ్చలతో ఉన్న పాము: ఇది బాల్ పైథాన్ కావచ్చు, మన కొండచిలువ పిల్ల కావచ్చు, విషం లేని ఇసుకబోవా కావచ్చు, రక్తపింజర కూడా కావచ్చు. రక్తపింజర వీపు మీద నల్లటి అంచులున్న గుండ్రటి మచ్చలు మూడు వరుసల్లో గొలుసులా ఉంటాయి. కదిలిస్తే ప్రెషర్ కుక్కర్ ఆవిరిలా గట్టిగా బుసకొడుతుంది. ఇసుకబోవా మచ్చలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి వంకరటింకరగా ఉంటాయి, తోక పొట్టిగా ఉంటుంది. కొండచిలువ తల మీద బాణం ములికి లాంటి గుర్తు ఉంటుంది.

మొండి తోక పాము: 'రెండు తలల పాము, ఇంట్లో ఉంటే లక్ష్మీ కటాక్షం, లక్షలు పలుకుతుంది' అని ఎవరైనా అమ్మితే అది ఎర్ర ఇసుకబోవా. దానికి ఉన్నది ఒకటే తల. తోక మొద్దుగా ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. అదృష్టం, మందుల తయారీ అన్నవన్నీ కట్టుకథలే. ఈ పేరుతో మోసపోయి డబ్బు పోగొట్టుకున్నవారు, కొని కేసుల్లో ఇరుక్కున్నవారు ఉభయ తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నారు.

'తల త్రికోణంగా ఉంటే విషం, గుండ్రంగా ఉంటే విషం లేదు' అన్న మాట కూడా నమ్మకండి. నాగుపాము, కట్లపాముల తల త్రికోణంగా ఉండదు. అయినా అవి ప్రాణాలు తీసేవే. ఎవరో ఒకరు తేల్చి చెప్పేదాకా అది విషసర్పమే అనుకుని జాగ్రత్త పడండి.

ఇంట్లో ఉంచుకోవచ్చా? చట్టం ఏమంటోంది?

జవాబు పామును బట్టి మారుతుంది.

మన దేశపు పాము అయితే కుదరదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 ప్రకారం మన అడవి పాములను పట్టడం, అమ్మడం, కొనడం, ఇంట్లో పెట్టుకోవడం నేరం. 'విషం లేదు కదా', 'జెర్రిపోతే కదా' అన్న మినహాయింపులు లేవు. కొండచిలువ మొదటి షెడ్యూలులో ఉంది. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం మొదటి షెడ్యూలు జంతువుల విషయంలో నేరం రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా పడుతుంది. మిగతా చాలా ఉల్లంఘనలకు 3 ఏళ్ల వరకు జైలు లేదా రూ.లక్ష వరకు జరిమానా లేదా రెండూ ఉంటాయి.

ఇదే చట్టంలోని 39వ సెక్షన్ మీకు ఉపయోగపడుతుంది. అలాంటి ప్రాణి ఏ విధంగానైనా మీ చేతికి వస్తే 48 గంటల్లోగా దగ్గరి పోలీస్ స్టేషన్‌కు గానీ అటవీశాఖ అధికారికి గానీ తెలియజేయాలి. అడిగితే అప్పగించాలి. కాబట్టి తెలిసిన రోజే చెప్పడం మీకే మంచిది. దాచిన ప్రతి రోజూ మీ మాటకు విలువ తగ్గుతుంది.

విదేశీ పాము అయితే అది సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉందా లేదా అన్నది చూడాలి. ఆ జాబితాలోని జాతులను 2022 సవరణ ద్వారా మన చట్టం నాలుగో షెడ్యూలులో చేర్చారు. బాల్ పైథాన్, బోవా కన్‌స్ట్రిక్టర్ ఇందులో ఉన్నాయి. వీటిని ఉంచుకునేవారు నమోదు చేసుకోవాలి. ఇందుకోసం కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రత్యేక నియమాలు తెచ్చింది. అప్పటికే ఉన్నవారికి 6 నెలల గడువిచ్చింది. కొత్తగా తెచ్చుకున్నవారు ప్రాణి చేతికి వచ్చిన 30 రోజుల్లోగా పరివేశ్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. రుసుము రూ.1,000. దరఖాస్తు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు వెళుతుంది. ఆ తర్వాత పాము పిల్లలు పెట్టినా, చనిపోయినా, వేరొకరికి ఇచ్చినా తెలియజేయాలి.

కార్న్ స్నేక్ సైటీస్ జాబితాలో లేదు. అయినంత మాత్రాన కాగితాలు అక్కర్లేదని కాదు. విదేశాల నుంచి ప్రాణిని తేవాలంటే దిగుమతి అనుమతి, క్వారంటైన్ ధ్రువపత్రాలు ఉండాలి. ఇక్కడే పుట్టిన పిల్ల అయితే తల్లిదండ్రుల వివరాలు, అమ్మకందారు బిల్లు ఉండాలి. పెట్ షాపుకు కూడా 2018 నియమాల ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

ఈ కాగితాల గొడవ ఎందుకంటారా? 2023 సెప్టెంబరులో బ్యాంకాక్ నుంచి బెంగళూరు విమానాశ్రయానికి వచ్చిన సామానులో కస్టమ్స్ అధికారులకు 55 బాల్ పైథాన్లు, 17 రాచనాగులు దొరికాయి. వాటితోపాటు ఉన్న 6 కపూచిన్ కోతులు అప్పటికే చచ్చిపోయాయి. అదే ఏడాది ఏప్రిల్‌లో కౌలాలంపూర్ నుంచి చెన్నై వచ్చిన ఓ ప్రయాణికురాలి సామానులో 22 పాములు బయటపడ్డాయి. కాగితం లేని పాము ఇలాంటి సూట్‌కేసులోంచి కూడా వచ్చి ఉండొచ్చు.

బాన్సువాడలో ఎవరికి చెప్పాలి?

అటవీశాఖ: బాన్సువాడలోని అటవీ రేంజ్ కార్యాలయానికి వెళ్లండి లేదా ఫోన్ చేయండి. కామారెడ్డిలో జిల్లా అటవీ అధికారి కార్యాలయం ఉంది. పామును మీరు తీసుకెళ్లకండి. ఫొటోలు, కొనుగోలు వివరాలు చూపించి, సిబ్బందిని ఇంటికి రమ్మనండి. విషయాన్ని రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం, తేదీ తీసుకోండి.

పోలీసులు: రాత్రివేళ, సెలవు రోజున అటవీ సిబ్బంది అందుబాటులో లేకపోతే 112కు ఫోన్ చేయండి. పాము డబ్బాలోంచి తప్పించుకుని ఇంట్లోనే దాక్కున్నా ఇదే నంబరు. ఆ గది తలుపు మూసి, కింది సందులో గుడ్డ కుక్కి బయట ఉండండి.

పశువైద్యులు: స్థానిక పశువైద్యశాలలో ప్రాథమిక పరీక్ష చేయించవచ్చు. సంచార పశువైద్య సేవల నంబరు 1962. అయితే పాముల వైద్యం అందరు పశువైద్యులూ చేసేది కాదు. జబ్బు తీవ్రంగా ఉంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రిని సంప్రదించమని సలహా ఇవ్వొచ్చు. తీసుకెళ్లే ముందు అటవీ అధికారికి చెప్పి వెళ్లండి.

అప్పగించేదాకా, లేదా నమోదు పూర్తయ్యేదాకా సంరక్షణ

ఇది విషం లేని విదేశీ పాము అని తెలిసినవారు తేల్చిన తర్వాతే ఈ భాగం మీకు వర్తిస్తుంది.

వేడి: పాము తన ఒంటి వేడిని తానే తయారు చేసుకోలేదు. డబ్బాలో ఒక చివర వెచ్చగా, మరో చివర చల్లగా ఉండాలి. అప్పుడే అది తనకు కావలసిన చోటికి జరుగుతుంది. బాల్ పైథాన్‌కు వెచ్చటి వైపు 31 నుంచి 33 డిగ్రీలు, చల్లటి వైపు 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. కార్న్ స్నేక్‌కు వెచ్చటి వైపు 29 నుంచి 31 డిగ్రీలు, చల్లటి వైపు 22 నుంచి 25 డిగ్రీలు చాలు.

విదేశీ వీడియోల్లో హీట్ మ్యాట్ కొనమంటారు. మన దగ్గర ఏడాదిలో చాలా నెలలు అసలు సమస్య చలి కాదు, ఎండ. ఏప్రిల్, మే నెలల్లో పాదరసం 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డులో, కిటికీ పక్కన, ఆపిన కారులో పెట్టిన డబ్బాలో పాము కొద్దిసేపట్లోనే చనిపోవచ్చు. వేసవిలో ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గది ఎంచుకోండి. శీతాకాలం రాత్రుల్లో మాత్రం వెచ్చదనం కావాలి. హీట్ మ్యాట్ వాడితే థర్మోస్టాట్ తప్పనిసరి. అది లేకపోతే పాము పొట్ట కాలిపోతుంది.

నీళ్లు: బోర్లా పడని బరువైన గిన్నెలో శుభ్రమైన నీళ్లు పెట్టి రోజూ మార్చండి.

దాగే చోటు: రెండు వైపులా ఒక్కో చిన్న పెట్టె లాంటిది బోర్లించి, దూరేందుకు దారి ఉంచండి. దాక్కునే చోటు లేని పాము బెదిరిపోయి తిండి మానేస్తుంది. అడుగున న్యూస్ పేపర్ పరిస్తే శుభ్రం చేయడం సులువు.

తిండి: కొత్త చోటికి వచ్చిన పామును 5 నుంచి 7 రోజులు కదిలించకుండా వదిలేయండి. ఆ తర్వాత దాని శరీరంలో అన్నిటికంటే లావైన భాగాన్ని మించని ఎలుకను, ఫ్రీజర్‌లో ఉంచి పూర్తిగా కరిగించినదాన్ని, పటకారుతో అందించాలి. బతికున్న ఎలుకను వదిలితే అది పామునే కొరికి గాయపరచొచ్చు. పొలంలో పట్టిన ఎలుక అసలు వద్దు, దాని ఒంట్లో ఎలుకల మందు ఉండొచ్చు. తిన్న తర్వాత రెండు రోజులు పామును ముట్టుకోకూడదు. బాల్ పైథాన్ వారాల తరబడి తినకపోవడం మామూలే.

జబ్బు లక్షణాలు: నోరు తెరిచి ఊపిరి పీల్చడం, నోట్లోంచి చొంగ, పొలుసుల సందుల్లో కదిలే నల్లటి చుక్కల్లాంటి పురుగులు, కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడటం, తిన్నది కక్కేయడం. ఇవి కనిపిస్తే వైద్యుడి దగ్గరకు వెళ్లాల్సిందే. కుబుసం విడిచే ముందు కళ్లు నీలంగా మసకబారడం మాత్రం జబ్బు కాదు.

మీ శుభ్రత: పాముల ఒంటి మీద సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. డబ్బా ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. గిన్నెలు వంటింటి సింకులో కడగకండి. ఐదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, వృద్ధులు దూరంగా ఉండటం మంచిది.

కాటు వేస్తే

'షాపు పామే కదా' అని ఆగకండి. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని ఓ జాతీయ అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58 వేల మంది. మరణాలు ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో తెలుగు రాష్ట్రాలు కూడా ఉన్నాయి.

వెంటనే 108కు ఫోన్ చేయండి. బాన్సువాడ ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కాటు పడిన చేతిని లేదా కాలిని కదలకుండా ఉంచండి. ఉంగరాలు, గాజులు, మెట్టెలు, కడియాలు వాపు రాకముందే తీసేయండి. కాటు పడిన సమయం రాసుకోండి. తాడుతో బిగించి కట్టకండి, కోయకండి, నోటితో పీల్చకండి, నాటు మందు కోసం తిరగకండి. ఆసుపత్రికి పామును తీసుకెళ్లాల్సిన పని లేదు. మీరు ముందే తీసిన ఫొటో చాలు.

కట్లపాము కాటు గాటు కనిపించకపోవచ్చు, నొప్పి ఉండకపోవచ్చు. కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగడం కష్టమవడం ప్రమాద సంకేతాలు. రక్తపింజర కాటులో వాపు, రక్తం గడ్డకట్టకపోవడం ఉంటాయి. అందుకే వైద్యులు రక్తం తీసి 20 నిమిషాలు ఉంచి గడ్డకట్టిందో లేదో చూస్తారు. మన దగ్గర ఇచ్చే యాంటీ వీనమ్ నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలకు విరుగుడు. విదేశీ విషసర్పాల విషయంలో దాన్ని నమ్ముకోలేం. దొంగచాటుగా అమ్మే 'అరుదైన' విదేశీ పాము ఎందుకు వద్దంటారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

చెరువు గట్టున వదిలేస్తే సరిపోదా?

సరిపోదు. కేసు భయంతోనో, పెంచలేకనో మంజీర ఒడ్డున వదిలేద్దామని చాలామందికి అనిపిస్తుంది. డబ్బాలో పెరిగిన పాము ఆకలితో చావొచ్చు. లేదంటే తన వెంట తెచ్చిన రోగాలను మన పాములకు అంటించొచ్చు. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడు జంతువుల వ్యాపారం ద్వారా వచ్చిన బర్మా కొండచిలువలు ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో పెరిగిపోయి అక్కడి చిన్న జంతువులను దాదాపు తుడిచిపెట్టేశాయి. పెంపుడు ప్రాణిని ఆకలిదప్పులకు వదిలేయడం జంతు హింస నిరోధక చట్టం-1960 కింద కూడా నేరమే.

కొనే ముందు ఈ నాలుగు అడగండి

- జాతి పేరు ఏమిటి? బిల్లు మీద రాసిస్తారా?
- షాపు రిజిస్ట్రేషన్ నంబరు ఎంత?
- దిగుమతి పత్రాలు, లేదా ఇక్కడే పుట్టిందనడానికి ఆధారాలు ఉన్నాయా?
- నాలుగో షెడ్యూలు జాతి అయితే అమ్ముతున్నవారి పేరిట నమోదు ఉందా?

ఒక్కదానికి జవాబు రాకపోయినా కొనకండి. అన్నిటికీ జవాబు వచ్చినా మరో మాట గుర్తుంచుకోండి. బాల్ పైథాన్ 20 నుంచి 30 ఏళ్లు బతుకుతుంది. ఈ రోజు ఇంటర్ చదువుతున్న కుర్రాడు కొన్న పాము, అతనికి పెళ్లై పిల్లలు పుట్టాక కూడా ఆ డబ్బాలోనే ఉంటుంది. చదువుకో, ఉద్యోగానికో అతను ఊరు వదిలి వెళితే దాన్ని చూసుకోవాల్సింది ఇంట్లోవాళ్లే.